ఆక్సిజన్ 98 ఉన్నా ఊపిరాడని లెక్కల సారు

43 ఏళ్ల మనిషి. పరకాల వైపు ఒక ఊరు. హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో ఏళ్ల తరబడి తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పారు. ఇంట్లో తల్లి, భార్య, ఇంటర్ చదివే కూతురు, ఎనిమిదో తరగతి కొడుకు. ఎకరంన్నర పత్తి చేను ఉంది. భార్య బట్టలు కుడుతుంది, మహిళా సంఘంలో సభ్యురాలు. 2021 మేలో కోవిడ్‌తో పది రోజులు ఆస్పత్రిలో ఉన్నారు, అందులో ఆరు రోజులు ఆక్సిజన్ మీద. నా దగ్గరికి వచ్చింది జూలైలో. చెప్పిన బాధ ఒక్కటే: ఊపిరి అందడం లేదు.

నేను హన్మకొండలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఈయన్ని ఇక్కడ సారు అనే అంటాను, ఊళ్లో అందరూ అలాగే పిలుస్తారు. ఊరు, కుటుంబం గురించిన వివరాలు కొన్ని మార్చాను. రాసింది ఆయనా, ఆయన భార్యా చదివి సరేనన్నాకే బయటికి ఇస్తున్నాను. ఒకచోట నేను వాడిన మాటను సారు కొట్టేసి వేరే మాట రాశారు కూడా. పేపర్లు దిద్దే చేయి ఊరుకోదు.

జబ్బుకు ముందు సంగతి

కోవిడ్ రాకముందే మనిషి కుంగిపోయి ఉన్నాడు. ఇది కేస్ షీట్లలో సాధారణంగా రాయరు. 2020 మార్చిలో స్కూళ్లు మూతపడ్డాయి. రెండు నెలలు సగం జీతం వచ్చింది, తర్వాత అదీ ఆగింది. ఆన్‌లైన్ క్లాసులకు యాజమాన్యం ఇద్దరు టీచర్లను ఉంచుకుని మిగిలినవాళ్లను ‘పిలిచినప్పుడు రండి’ అని పంపేసింది. సారు ఊరికి వచ్చి పత్తి ఏరారు, ఉపాధి హామీ పనికి కూడా వెళ్లారు. పని చేయడానికి ఆయనకు నామోషీ లేదు. ‘గడ్డపార పట్టుకున్నప్పుడు నా దగ్గర చదువుకున్న పోరడు మేట్‌గా నిలబడి హాజరు తీసుకున్నడు మేడం. వాడే తల దించుకున్నడు’ అని చెప్పారు ఒకసారి. అంతకుమించి ఆ విషయం మాట్లాడలేదు.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. సారుకు ప్రాణం లేచి వచ్చింది. మార్చి 24 నుంచి మళ్లీ మూత. ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం తీసుకోవడానికి రేషన్ షాపుకు భార్యను పంపారు తప్ప ఆయన వెళ్లలేదు.

మే మొదటి వారంలో జ్వరం. అప్పుడే ఊరూరా జ్వర సర్వే మొదలైంది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇంటికి వచ్చి మందుల కిట్టు ఇచ్చారు, ఆక్సిజన్ చూసుకోవాలని చెప్పారు. వేలికి క్లిప్పులా పెట్టుకుని రక్తంలో ఆక్సిజన్ శాతం చూసుకునే పల్స్ ఆక్సీమీటర్‌ను 1800 రూపాయలు పెట్టి కొన్నారు. మామూలు రోజుల్లో అందులో సగం ధరకూ దొరికేది. ఆరో రోజు అది 89 చూపించింది, మామూలుగా 95 దాటి ఉండాలి. మే 12 నుంచి రాష్ట్రంలో లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. ఆ నాలుగు గంటల్లోనే బావమరిది వరంగల్ తిరిగి ఒక ఆస్పత్రిలో బెడ్ సంపాదించాడు. ఆ 89 ఆయన్ని కాపాడిన అంకె. తర్వాత జరిగిందంతా అర్థం కావాలంటే ఇది గుర్తుండాలి.

నేను చూసేనాటికి

మొదట ఫోన్ చేసింది ఆశా కార్యకర్త. ‘మేడం, కరోనా తగ్గి నెలన్నర అయితాంది. రిపోర్టులన్నీ మంచిగనే ఉన్నయంట. మనిషే మంచిగ లేడు’ అంది. అంతకుముందు వాళ్ల పీహెచ్‌సీలో ఆశాల కోసం మానసిక ఆరోగ్యం గురించి నేనొకసారి మాట్లాడాను, నంబరు అలా దొరికింది. డిశ్చార్జి అయినవాళ్ల జాబితా పట్టుకుని తిరుగుతూ ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమె చూసిందేమిటంటే, సారు ఇంకా వేరే గదిలో, వేరే కంచంలో తింటున్నారు. ఐసోలేషన్ ఎప్పుడో అయిపోయింది. ఆయనకు అవ్వలేదు.

భార్య మాటల్లో: ‘రాత్రంతా వేలుకు ఆ క్లిప్పు పెట్టుకొని కూసుంటడు. కునుకు పట్టినట్టే పట్టి దిగ్గున లేస్తడు. బిడ్డ దగ్గరికొస్తే దూరం జరుగుతడు. నేను పొయ్యి మీద ఎసరు పెడితె చాలు, లేచి బయటికి పోతడు. నా వంట పడుతలేదేమో అనుకున్న.’

ఈ నెలన్నరలో ఆయన చూపించుకోని చోటు లేదు. ఊళ్లో ఆర్ఎంపీ రెండు సెలైన్లు ఎక్కించాడు. ఒక డాక్టరు సీటీ స్కాన్ మళ్లీ తీయించారు, ఊపిరితిత్తుల మచ్చలు తగ్గుముఖం పట్టాయి. ఇంకొకరు ఈసీజీ, ఎకో చేయించారు, గుండె బాగుంది. రక్తంలో గడ్డలున్నాయేమో చూసే డీ-డైమర్, థైరాయిడ్, రక్తం శాతం అన్నీ చేయించారు. షుగర్ మాత్రం కొంచెం ఎక్కువగా ఉంది, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.3. ఆస్పత్రిలో వాడిన స్టెరాయిడ్లు షుగర్ పెంచుతాయి కనుక మూడు నెలల తర్వాత మళ్లీ చూడమన్నారు. ప్రతి డాక్టరూ తన పని సరిగానే చేశారు, ‘మీకేం లేదు’ అని పంపారు. సారుకు ఆ మాటే పెద్ద శిక్ష అయింది. ఏమీ లేకుంటే ఊపిరి ఎందుకు అందదు? అంటే ఎవరికీ అంతుపట్టని జబ్బేదో ఉందన్నమాట. ఆయన తర్కం అది, అందులో తప్పేం లేదు కూడా.

కిట్టుతో వచ్చిన కాగితం మీద నంబర్లు ఉన్నాయి. ఒక కాల్ సెంటరుకు చేస్తే జ్వరం ఎంత, ఆక్సిజన్ ఎంత అని అడిగారు. 98 అంటే ‘అయితే భయం లేదండి’ అని పెట్టేశారు. నిద్ర పడుతుందా అని ఎవరూ అడగలేదు, వాళ్ల ప్రశ్నల్లో అది లేదు. 2020 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ కిరణ్ నంబరు కూడా అప్పట్లో సారు ఫోన్లో సేవ్ చేసి ఉండేది. తెలుగులో మాట్లాడే సదుపాయం ఉండేది, ఫోన్ కలిసింది కూడా. సారే మాట్లాడలేదు. రెండు గదుల ఇల్లు. పక్క గదిలో తల్లి మంచం, వాకిట్లో కుట్టుమిషన్ దగ్గర నలుగురు ఆడవాళ్లు. నలభై మూడేళ్ల మగవాడు, పైగా సారు, ‘నాకు భయమైతాంది’ అనే మాట ఎక్కడ నిలబడి అనాలి? ఫోన్లో కౌన్సెలింగ్ గురించి ఎన్ని సమావేశాలు జరిగినా ఈ ప్రశ్న అడిగినవాళ్లు నాకు తగలలేదు.

మేం కుదుర్చుకున్న చోటు చేను గట్టు మీది మోటారు గది. అక్కడ సిగ్నల్ రెండు గీతలు వచ్చేది. సాయంత్రం నీళ్లు పెట్టే వంకతో వెళ్లేవారు. మొదటి మాటలన్నీ అక్కడినుంచే. జూన్ 20న లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశాక బస్సులు తిరుగుతూనే ఉన్నా, బస్సెక్కడానికి ఆయనకు ఇంకొంత కాలం పట్టింది.

పరీక్షలో తేలింది

కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 98, నాడి నిమిషానికి 104. ఆరు నిమిషాలు నడిపిస్తే 97. కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లలో ఊపిరాడని బాధను వెంటనే ‘టెన్షన్’ అని రాసేయకూడదు. నడిస్తే మూడు శాతం, అంతకన్నా ఎక్కువ పడిపోయేవాళ్లు ఉంటారు, వాళ్ల దారి వేరు. అందుకే ఛాతీ డాక్టరుతో మాట్లాడి, పాత స్కాన్లు ఆయనకు చూపించి, ఊపిరితిత్తుల వైపు నుంచి అనుమానం లేదని తేల్చుకున్నాకే నా పని మొదలుపెట్టాను. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 16, అంటే ఓ మోస్తరుకు మించిన డిప్రెషన్. ఆందోళన కొలిచే జీఏడీ-7లో 17, అంటే తీవ్రమైన ఆందోళన. రాత్రి రెండు, మూడు గంటల మధ్య పానిక్ అటాక్‌లు, అంటే ఉన్నట్టుండి ముంచెత్తే భయం. వాటికి తోడు ఆస్పత్రి జ్ఞాపకాలు.

చావు ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం డాక్టర్లలోనూ ఉంది. అది నిజం కాదు. ‘పొద్దుగాల లేవకుంటె అయిపోతది గదా అనిపిస్తది. చేసుకోవాలని మాత్రం లేదు’ అన్నారు. అది పత్తికి మందు కొట్టే కాలం, పురుగుమందు డబ్బాలు ఇంటి వెనక రేకుల కింద ఉన్నాయి. ఆ సాయంత్రమే భార్యకు ఫోన్ చేశాను. డబ్బాలన్నీ సారు వాళ్ల అన్న ఇంటికి చేరాయి, తాళం చెవి వదిన దగ్గర. అవసరమైనరోజు అన్నే మందు కలిపి తెచ్చేలా మాట్లాడుకున్నాం. సారుకు చెప్పే చేశాం, దాచిపెట్టి కాదు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పనిచేసే ఎవరైనా మొదటి రోజే చేయాల్సిన పని ఇది. మాటలూ మందులూ దీని తర్వాతే.

నోట్‌బుక్

మొదటిసారి క్లినిక్‌కు వచ్చినప్పుడు సారు ఒక రూళ్ల నోట్‌బుక్ తెచ్చారు. స్కేలుతో గీసిన గడులు: తేదీ, సమయం, ఆక్సిజన్, నాడి, రిమార్కులు. 95 కన్నా తక్కువవి ఎర్ర ఇంకుతో. ఆరు వందలకు పైగా రీడింగులు. కొన్ని రాత్రుల్లో ఒక్క గంటలోనే ఇరవై.

ఆందోళనతో పదే పదే చూసుకునే మనిషిని ‘చూడకండి’ అంటే వినడు. పైగా ఆ అంకె ఒకసారి నిజంగానే ప్రాణం నిలిపింది. కాబట్టి మీటరు జోలికి నేను పోలేదు. లెక్కల జోలికి పోయాను. ‘సార్, వీటి సగటు ఎంత, మధ్యగతం ఎంత, బాహుళకం ఎంత?’ అని అడిగాను. అక్కడే కూర్చుని ఒక వారం రీడింగులు తీసుకుని వేశారు. బాహుళకం, అంటే ఎక్కువసార్లు వచ్చిన అంకె, 98. సగటు 97 దాటింది. ఎర్ర ఇంకువి చాలావరకు తెల్లవారుజామున, లేదా చేతులు కడుక్కున్న వెంటనే. వేలు చల్లబడితే, చేయి వణికితే మీటరు తక్కువ చూపిస్తుంది. కదలకుండా కూర్చుని, వేళ్లు రుద్దుకుని, అంకె నిలకడగా ఆగేదాకా చూడాలి. అది ఆయనకు ఎవరూ చెప్పలేదు.

‘మరి ఎర్ర అంకె తర్వాత మళ్లీ చూశారా?’

‘చూసిన మేడం. 98 వచ్చేదాకా చూస్త.’

‘అవి ఇందులో ఏవి?’

కాసేపు పేజీలు తిప్పారు. ‘రాయలేదు.’ ఇంకాస్త ఆగి, ‘శాంపిలే తప్పు తీసుకున్న’ అన్నారు.

ఆ వారం చేయమన్నది ఇంతే: తక్కువ వస్తే వేళ్లు రుద్దుకుని, ఒక్క నిమిషం ఆగి, రెండో రీడింగు కూడా పక్క గడిలో రాయాలి. రెండూ సమానంగా ఎర్ర ఇంకుతోనే. తర్వాతి వారం వచ్చేసరికి ఆయనే పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి తప్ప చూడనని ఒక నియమం రాసుకొచ్చారు. ఆ నియమం తప్పిన రాత్రులు ఉన్నాయి. మొదటి పదిహేను రోజులు నిద్ర ఇంకా చెడింది, ఇలా అవుతుందని ముందే చెప్పాను. చూసుకోవడం మానేస్తే భయం ముందు పెరిగి తర్వాత తగ్గుతుంది. ఆ పెరిగే రోజుల్లోనే చాలామంది ‘ఈ కౌన్సెలింగ్ పనిచేయదు’ అని మానేస్తారు. ఈయన మానలేదు, ఎందుకంటే రోజు విడిచి రోజు ఆశమ్మ గుమ్మం ముందు నిలబడి ‘సారూ, ఇయ్యాల ఎన్నిసార్లు?’ అని అడిగేది. ఆవిడ జీతం ఎంతో, ఆ సర్వే రోజుల్లో ఆవిడ ఎన్ని గడపలు ఎక్కిందో తెలిసినవాళ్లకు ఈ వాక్యం బరువు తెలుస్తుంది.

ఎసరు చప్పుడు

ఎసరు పెడితే లేచిపోయే సంగతి నన్ను వదల్లేదు. వాసన పడటం లేదా అని అడిగాను. వాసన సంగతి కాదన్నారు. ఆస్పత్రిలో గోడకు ఉండే ఆక్సిజన్ పైపు దగ్గర చిన్న నీళ్ల సీసా ఉంటుంది, గాలి అందులోంచి బుడగలు బుడగలుగా వస్తుంది. ఆ ఆరు రోజులూ చెవి పక్కన అదే చప్పుడు. పక్క బెడ్డు మీద ఒక పెద్దాయన ఉండేవాడు. ఒక రాత్రి ఆయన మంచినీళ్లు అడిగాడు. సారు ముఖానికి మాస్కు, లేవలేకపోయారు. నర్సును పిలిచారు, ఆమె అవతలి వరుసలో ఉంది. తెల్లారేసరికి ఆ మంచం ఖాళీ. ఆ సీసాలో బుడగలు మాత్రం ఇంకా వస్తున్నాయి, కట్టేయలేదు ఎవరూ.

రెండు నెలలు ఈ మాట ఎవరితోనూ అనలేదు. ‘లేచి ఇచ్చి ఉంటే?’ అన్న ప్రశ్న ఒక్కటే తిరుగుతూ ఉంది. దానికి నేను ‘మీ తప్పేం లేదు’ అని జవాబు చెప్పలేదు. ఆ రాత్రిని గంట గంటకు మళ్లీ చెప్పించాను, అనేక సార్లు. అప్పుడు తన ఆక్సిజన్ ఎంతుందో ఆయనకు గుర్తుంది: మాస్కుతో 91. ఆ అంకె మీద లేచి నడిచే మనిషి ఉంటాడా అని ఆయన్నే అడిగాను. జవాబు రావడానికి రెండు వారాలు పట్టింది, వచ్చాక కూడా బాధ పూర్తిగా పోలేదు. పోవాలని నేనూ అనుకోలేదు. పెద్దాయన పేరు కూడా తెలియదు, అది ఇప్పటికీ ఆయన్ని తొలుస్తుంది.

ఎసరు సంగతి మాత్రం తేలికగానే లొంగింది. ముందు వాకిట్లోంచి, తర్వాత గడప దగ్గర, ఆ తర్వాత పొయ్యి పక్క పీట మీద కూర్చుని, బియ్యం పోసేదాకా లేవకుండా ఉండటం. భార్యకు ఇదంతా వివరించిన రోజు ఆమె నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. నెలన్నరగా ఆమె తన వంటనే అనుమానించింది.

సైకియాట్రీ ఓపీ

మాటలతో ఒక్కటే సరిపోయేలా లేదు. పీహెచ్‌క్యూ-9 నాలుగు వారాలకు 14 దగ్గరే ఆగింది. మందు కావాలి. వరంగల్‌లోని ప్రభుత్వ ఆస్పత్రి ఎంజీఎంలో సైకియాట్రీ ఓపీ ఉంది, మందులు ఉచితం. సారు ససేమిరా అన్నారు. ‘ఆ లైన్ల నిలబడితే నా స్టూడెంటో, వాని తండ్రో చూడకుండ ఉంటడా?’ ఇది వట్టి భయమని కొట్టిపారేయలేం. ప్రైవేటు స్కూల్లో టీచరు గురించి ‘ఆయనకు మతి బాగాలేదట’ అన్న మాట పుడితే తల్లిదండ్రులు పిల్లల్ని పంపరు.

చాలా రెఫరల్ చిట్టీలు ఇక్కడే ఆగిపోతాయి. మనం చిట్టీ రాస్తాం, రిజిస్టర్లో ‘రెఫర్డ్’ అని టిక్కు పెడతాం, మన పని అయిపోయిందనుకుంటాం. నా లెక్కలో మనిషి అవతలి గదిలో డాక్టరు ముందు కూర్చున్నాడని కబురు వచ్చేదాకా రెఫరల్ జరగనట్టే. ఈ కేసులో నేను నిజంగా చేసిన చికిత్సలో సగం ఇదే అనుకుంటాను. ముందుగా అక్కడి డాక్టరుతో మాట్లాడాను. ఏ రోజు రద్దీ తక్కువో కనుక్కున్నాం. షుగర్ చూపించుకునే పని కూడా అదేరోజు పెట్టాం, ఎవరైనా ఎదురైతే చెప్పుకోవడానికి. అప్పటికి అందరి ముఖానా మాస్కు ఉండటం కూడా కలిసొచ్చింది, ఆ మాట సారే అన్నారు. భార్య వెంట వెళ్లింది. డిప్రెషన్, ఆందోళన తగ్గించే ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పది చేశారు. నిద్ర మాత్ర కొద్దిరోజులే. పదిహేనో రోజు నుంచి తెల్లవారుజాము మెలకువలు తగ్గాయి.

ఈలోగా ఒక పరిపాలనా తమాషా. ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హన్మకొండ జిల్లా అయింది, రూరల్ కాస్తా వరంగల్ జిల్లా అయింది, పరకాల హన్మకొండ జిల్లాలోకి వచ్చింది. సారు కాగితాల్లో మూడు రకాల జిల్లా పేర్లు ఉన్నాయి. ‘నేను కదలకుండనే జిల్లా మారిన’ అన్నారు. ఆయన నోట నేను విన్న మొదటి జోకు. కేస్ షీట్లో దాన్ని కోలుకుంటున్న గుర్తుగా రాశాను.

అప్పు గురించి కొద్దిగా. ఆస్పత్రి ఖర్చుకు పుస్తెలతాడు కుదువపెట్టారు, పైన నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చింది ఉంది. రాత్రి మెలకువల్లో సగం దీని గురించే. సైకాలజిస్టు అప్పు తీర్చలేడు. కానీ ఎవరికి ఎంత అనే లెక్క సారు ఎప్పుడూ వేయలేదు, వేయడానికే భయం. వేయించాం. సంఘం ద్వారా భార్య, మహిళా సంఘాలకు అప్పిచ్చే స్త్రీనిధి నుంచి లోను తీసుకుని ఎక్కువ మిత్తిది ముందు కట్టేసింది. దారి చూపింది ఆమే, నేను కాదు.

తర్వాత

సెప్టెంబరు 1న స్కూళ్లు తెరిచారు. యాజమాన్యం పిలిచింది, పాత జీతంలో సగానికి కొద్దిగా ఎక్కువ. వెళ్లాలా వద్దా అని మూడు రోజులు తర్జనభర్జన. వెళ్లారు. మాస్కుతో గంటసేపు నిలబడి పాఠం చెప్పడం ముందు ఆయాసం తెచ్చింది. ఊపిరి మీద ధ్యాస పెట్టకుండా, వాక్యం పూర్తయ్యేదాకా ఆగి, ముడిచిన పెదాల మధ్యనుంచి నెమ్మదిగా వదలడం క్లాసు గదిలోనే అలవాటు చేసుకున్నారు. బోర్డు మీద లెక్క రాసేటప్పుడు పిల్లలకు వీపే కనబడుతుంది, అది మంచి అవకాశమని కనిపెట్టింది ఆయనే. నవంబరు చివరికి పీహెచ్‌క్యూ-9లో స్కోరు 6కి, జీఏడీ-7లో 7కి తగ్గింది. కూతురి పక్కన కూర్చుని తింటున్నారు.

2022 జనవరిలో ఒమిక్రాన్. సంక్రాంతి సెలవులు నెలాఖరుదాకా పొడిగించారు, జ్వర సర్వే మళ్లీ మొదలైంది, అవే కిట్లు గుమ్మం దాకా వచ్చాయి. సారు బీరువాలోంచి మీటరు తీశారు. భార్య ఆశమ్మకు చెప్పింది, ఆశమ్మ నాకు ఫోన్ చేసింది, ఆ సాయంత్రం మోటారు గది దగ్గర్నుంచి సారు మాట్లాడారు. ఈసారి దాచలేదు: ‘రెండు దినాల్ల నలభై దాటింది మేడం. రెండో గడి గూడ నింపుతున్న.’ జ్వరం, దగ్గు లేవు. రెండు డోసుల టీకా పూర్తయింది. పాత నియమమే మళ్లీ పెట్టుకున్నాం, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, జ్వరం వస్తే తప్ప మిగతావి లేవు. పది రోజుల్లో సర్దుకుంది. మందు ఆపాలని ఆయన తొందరపడ్డారు. బాగయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలని సైకియాట్రిస్టు చెప్పారు, వాడుతున్నారు.

ఇది రాసే నాటికి మూడు రూపాయల మిత్తి అప్పు లేదు, పుస్తెలతాడు ఇంకా కుదువలోనే ఉంది. పాత జీతం తిరిగి రాలేదు. స్టెరాయిడ్ల తర్వాత పెరిగిన షుగర్ ఏమైందో చూడమని హెచ్‌బీఏ1సీ రాసిచ్చి చాన్నాళ్లయింది. సారు వాయిదా వేస్తున్నారు, ఆశమ్మ వెంటపడుతోంది.